1972 డాట్సన్ 240జెడ్: ఇంటి గ్యారేజీలోనే బాగుచేత (తుప్పు, ఇంజిన్, బ్రేకులు, వైరింగ్ అన్నీ ఈ థ్రెడ్‌లోనే)

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ మీ పోస్టులు చదువుతూ కూర్చున్నాను, ఇప్పుడు నా తలనొప్పి మీకు పంచుతున్నాను.

ఇక్కడికి దగ్గర్లో ఒక పెద్దాయన షెడ్డులో ఏళ్ల తరబడి కవరు కింద పడున్న 1972 డాట్సన్ 240జెడ్ కొన్నాను. చాసిస్ నంబరు హెచ్‌ఎల్‌ఎస్30తో మొదలవుతుంది. ఇంజిన్ గదిలో రివెట్లు కొట్టిన ప్లేటు మీదున్న నంబరు, బ్లాకు మీద కొట్టిన నంబరు ఒకటే. అంటే ఫ్యాక్టరీలో ఎక్కించిన ఎల్24 ఇంజిన్ ఇంకా అందులోనే ఉంది.

ఈ బండి గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. 1969 అక్టోబరులో జపాన్‌లో ఫెయిర్‌లేడీ జెడ్ పేరుతో చూపించారు. అమెరికాకు ఆ పేరు పనికిరాదని ఇక్కడి నిస్సాన్ (డాట్సన్ తయారీ కంపెనీ) పెద్ద యుటాకా కటయామా పట్టుబట్టి బ్యాడ్జి 240జెడ్‌గా మార్పించారు. 3,526 డాలర్లకు అమ్మారు. ఆరు సిలిండర్లు వరసలో, 2,393 సీసీ, అప్పటి గ్రాస్ లెక్కలో 151 హార్స్‌పవర్, రెండు ఎస్‌యూ తరహా హిటాచి కార్బొరేటర్లు.

ఇక నా బండి సంగతి. కార్పెట్ ఎత్తితే డ్రైవరు కాళ్ల దగ్గర నేల కనబడుతోంది, కారు నేల కాదు, గ్యారేజీ నేల. బ్యాటరీ ట్రే కింద రేకు పొరలు పొరలుగా లేస్తోంది. ఇంజిన్ చేత్తో తిప్పితే తిరుగుతోంది.

నా ప్లాన్: ఫ్లోర్ మార్చడం, ఆ తర్వాత ఎల్24 తీసేసి జనరల్ మోటార్స్ వాళ్ల ఎల్ఎస్ వీ8 ఇంజిన్ పెట్టడం. కాలిఫోర్నియాలో 1975 దాకా వచ్చిన మోడళ్లకు పొగ పరీక్ష లేదు కాబట్టి ఆ గొడవ తప్పింది. వెల్డింగ్ ఇంటిదగ్గరే నేర్చుకుని చేద్దామని. తిట్టాలనుకున్నవాళ్లు తిట్టండి.

ఎక్సెల్_కుమార్ రాశారు:

శుభాకాంక్షలు బ్రో. ఖర్చులకు ఒక షీట్ తెరువు, మీ ఆవిడకు మాత్రం షేర్ చేయకు.

బెజవాడ_పానా రాశారు:

బాబూ, వీ8 సంగతి పక్కన పెట్టు. ముందు ఒక స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి పట్టుకుని బండి కింద పడుకో. రేకు మీద తట్టుకుంటూ పో. గట్టి రేకు టంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా పలుకుతుంది. అలా పలికిన చోటల్లా సుద్దతో గీత గియ్యి. గీతలు పడ్డాక ఫొటో పెట్టు, అప్పుడు మాట్లాడుకుందాం.

మా ఆటోనగర్‌లో మా నాన్న కాలం నుంచీ టింకరింగ్ షెడ్డు మాది. పైకి మెరుస్తూ వచ్చే బండికి ముందు అయస్కాంతం పెట్టి చూస్తాం. అంటుకోకపోతే అక్కడ రేకు లేదు, లప్పం ఉంది. తలుపుల కింద అంచు, వెనక చక్రం ముందు భాగం, ఈ రెండు చోట్లా తప్పకుండా చూడు.

ఎల్28_రాజు రాశారు:

డాలస్ నుంచి. నా దగ్గర ఈ జాతి బండి చాలా ఏళ్లుగా ఉంది కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాను.

ఈ కారుకు తుప్పు ఎక్కడ పడుతుందో ముందే తెలిసిన విషయం. అద్దం కింద వైపర్లుండే కౌల్ గదిలో ఆకులు చేరి నీటిదారి మూసుకుపోతుంది, ఆ నీళ్లు లోపలికి దిగి ఫ్లోర్‌ను, ఫెండర్ల వెనక మూలలను తింటాయి. బ్యాటరీ యాసిడ్ కారి కింద ఉన్న ఫ్రేమ్ రెయిల్‌ను తింటుంది. వెనక డిక్కీ తలుపు రబ్బరు గట్టిపడితే స్టెప్నీ గుంటలో నీళ్లు నిలుస్తాయి. ముందు ఫెండర్లు బోల్టులతో బిగించినవే, కాబట్టి అవి విప్పి లోపల చూడటం గంట పని. ఆ గంట పని చేయకుండా ఏ నిర్ణయమూ తీసుకోకు.

కోసేముందు తలుపులుండే ఖాళీల్లో బాడీ బిగిసి ఉండేలా ఇనుప గొట్టాలు అడ్డంగా వెల్డ్ చెయ్యి. ఇది మోనోకాక్ బాడీ, అంటే విడిగా చాసిస్ లేదు, బాడీయే బరువు మోస్తుంది. ఫ్లోరూ, తలుపుల కింద ఉండే రాకర్లూ తీసేస్తే పైనున్నదంతా వంగుతుంది. తలుపుల సందు కోయకముందు కొలిచి టేపు మీద రాసి అక్కడే అతికించు. ఒకేసారి రెండు వైపులా కోయకు. ఒక వైపు పూర్తిగా అతికాకే రెండో వైపు.

వీ8 గురించి నా మాట: అదే ఇంజిన్ ఎక్కించినవాళ్లు బోలెడుమంది, చెడ్డదని అనను. కానీ నంబర్లు కలిసిన బండి నీది. ఇంజిన్ మౌంట్లు కోసి, గేర్‌బాక్సు టన్నెల్ సుత్తితో కొట్టి, రేడియేటర్ సపోర్టు మార్చాక వెనక్కి రావడం ఉండదు. శక్తి కావాలంటే ఇదే కుటుంబంలోని పెద్ద ఇంజిన్ ఎల్28 ఉంది, 2,753 సీసీ, అదే మౌంట్లకు అదే బోల్టులతో కూర్చుంటుంది. నీ ఎల్24ను గ్రీజు పూసి మూలన పెట్టుకోవచ్చు.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

బాబాయ్, సుద్ద గీతలతో ఫొటోలు పెట్టాను. బండి మొత్తం ముగ్గేసినట్టుంది.

ఫ్లోర్ రెండు వైపులా, కుడి వైపు ఫ్రేమ్ రెయిల్ ముందు సగం, రెండు డాగ్‌లెగ్‌లు (వెనక చక్రం ముందుండే రేకు). కౌల్ లోపల మాత్రం దేవుడి దయ, పెయింటు కూడా చెక్కుచెదరలేదు. లోపల ఫ్లోర్ మీద తారు షీట్లు అతికించి ఉన్నాయి, గీకుతుంటే చేతులు పడిపోతున్నాయి.

ఎల్28_రాజు రాశారు:

గీకకు. సూపర్ మార్కెట్‌లో డ్రై ఐస్ దొరుకుతుంది. ముక్కలు చేసి తారు మీద పరిచి కాసేపు ఆగు, పెళుసెక్కి సుత్తి తగిలితే పెంకుల్లా ఊడిపోతుంది. తోలు గ్లవ్స్ వేసుకో, గ్యారేజీ తలుపు పూర్తిగా తెరిచి ఉంచు. ఆ ఆవిరంతా కార్బన్ డయాక్సైడే, నేలకు దగ్గరగా పేరుకుంటుంది, కారులో తల దూర్చి కూర్చోవద్దు.

వాణి_వైరింగ్ రాశారు:

వెల్డింగ్ మొదలుపెట్టకముందు ఒక మాట. రేకు తుడవడానికి క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్ వాడకండి. మిగిలిన తడి మీద ఆర్క్ పడితే ఫాస్జీన్ పుడుతుంది. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, ఊపిరితిత్తులు నిజంగా పోతాయి. ఎసిటోన్‌తో తుడిచి, పూర్తిగా ఆరాకే వెల్డ్ చేయండి. బ్యాటరీ విప్పేయండి. పెట్రోలు ట్యాంకు బండిలోంచి దించేయండి, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కన్నా ప్రమాదం.

బెజవాడ_పానా రాశారు:

వాణమ్మ చెప్పింది గోడ మీద రాసుకో.

రేకు పని గురించి: మిగ్ మిషను, 0.6 మి.మీ. తీగ, ఆర్గాన్-కార్బన్ డయాక్సైడ్ కలిపిన గ్యాసు. ఆ రేకు ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది. గీత గీసినట్టు ఒకే పట్టున వెల్డ్ లాగితే వేడికి రేకు అలలు తేలుతుంది. ఇక్కడో చుక్క, జానెడు దూరంలో ఇంకో చుక్క, మళ్లీ మొదటిదాని పక్కన ఒకటి. చుక్క మీద వేలు పెట్టకు, దాని పక్క రేకు దగ్గరికి చెయ్యి తెచ్చి చూడు, వేడి ఎక్కువగా తగిలితే ఇంకో మూలకు పో. చుక్కలన్నీ కలిసేసరికి ఓపిక పోతుంది, పోనీ.

తుప్పు రేకు మీద కొత్త రేకు కప్పి అతికించడం ఉంది చూశావా, మా దగ్గర కూడా చేస్తారు, అడిగినవాడికి అడిగినంత. రెండు రేకుల మధ్య నీళ్లు నిలిచి వచ్చే ఏడాదికి రెండూ పోతాయి. మంచి రేకు వచ్చేదాకా కోసి, అంచుకు అంచు కలిపి అతికించు.

సుజుకి_శీను రాశారు:

హైదరాబాద్ నుంచి. పానా బాబాయ్, చిన్న సామాను తుప్పు దేనితో వదలగొడతారు? నా దగ్గర 1985 మారుతి 800 ఉంది, పాత ఎస్ఎస్80 బాడీ. బ్రాకెట్లు, కీళ్లు అన్నీ ఎర్రగా ఉన్నాయి.

బెజవాడ_పానా రాశారు:

నిమ్మఉప్పు. కిరాణా కొట్లో దొరికేదే. వేడి నీళ్లలో కలిపి ప్లాస్టిక్ బకెట్లో రాత్రంతా నానబెట్టు, పొద్దున్నే ఇత్తడి బ్రష్‌తో రుద్ది, వంటసోడా కలిపిన నీళ్లలో ముంచి, వెంటనే ఆరబెట్టి ప్రైమరు కొట్టు. ఆలస్యం చేస్తే గంటలో మళ్లీ ఎర్రబడుతుంది. స్ప్రింగులు మాత్రం అందులో వెయ్యకు, యాసిడ్‌కు పెళుసెక్కుతాయి.

వాణి_వైరింగ్ రాశారు:

కరెంటు పెట్టి తుప్పు తీసే పద్ధతి చేసేవాళ్లు ఉంటే, పాజిటివ్ వైపు స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టకండి. నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. మామూలు ఇనుము చాలు.

సుజుకి_శీను రాశారు:

థాంక్స్. థ్రెడ్ దారి తప్పిస్తున్నానని తెలుసు, ఇంకొక్కటి. నా ఎస్ఎస్80కి 796 సీసీ ఎఫ్8బీ తీసి పెద్ద ఇంజిన్ పెడదామని ఒక మెకానిక్ ఊరిస్తున్నాడు. ఇక్కడ ఆర్టీఏ ఒప్పుకుంటుందా?

ఎక్సెల్_కుమార్ రాశారు:

శీనూ, మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చదువు. ఆర్‌సీలో రాసినదానికి భిన్నంగా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌నే గట్టిగా చెప్పింది. ఇంజిన్ మార్చాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఇక 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు బండి వయసు 50 ఏళ్లు దాటాలి, పెద్దగా మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. నీ బండి 2035 దాకా ఆగాలి. ఆ రోజుకు ఎఫ్8బీ అందులోనే ఉంటే నీకే లాభం. 1983 డిసెంబరులో మొదటి తాళం ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చిన బండి జాతి అది, గౌరవం ఇవ్వు.

మోడరేటర్ రాశారు:

మారుతి చర్చకు వేరే విభాగం ఉంది. శీను గారూ, అక్కడ థ్రెడ్ తెరవండి. ఇక్కడ జెడ్ మాత్రమే.

సుజుకి_శీను రాశారు:

సరే సార్. పోయేముందు జెడ్ మాటే ఒకటి: 1973 ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ 240జెడ్‌తో గెలిచిన షేఖర్ మెహతా ఉగాండాలో పుట్టిన మనవాడే. 1971లో గెలిచింది కూడా ఇదే కారు. బురదలో, రాళ్లలో పోయిన బండిని ఫ్రీమాంట్ అన్న కాఫీ తాగి రావడానికి మాత్రమే తీసుకెళ్తాడేమో అని చిన్న దిగులు.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

కాఫీకే తీసుకెళ్తా, దాచేదేముంది.

ఫ్లోర్ రెండు వైపులా అయిపోయింది. ఆన్‌లైన్‌లో తెప్పించిన ఫ్లోర్ ప్యాన్ గీతలు అసలు దాంతో కలవలేదు, అంచులు మళ్లీ వంచాల్సి వచ్చింది. ఫ్రేమ్ రెయిల్ మాత్రం దగ్గర్లోని ఒక వెల్డర్‌ను పిలిపించి నా కళ్ల ముందే చేయించాను. బ్రేకులూ సస్పెన్షనూ మోసే ఇనుము మీద నేను నేర్చుకోదలచుకోలేదు. తలుపుల సందు టేపు మీద రాసుకున్నదానితో సరిపోయింది.

ఇక ఇంజిన్. వీ8 ముచ్చట వాయిదా. కంప్రెషన్ చూస్తే అయిదు సిలిండర్లు 160 పీఎస్ఐ దగ్గర, నాలుగోది 95. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూసినా 95 దాటలేదు.

ఎల్28_రాజు రాశారు:

ఆయిల్ పోసినా పెరగలేదంటే రింగులు కావు. వాల్వు కాలిందో, హెడ్ గ్యాస్‌కెట్టో. ముందు ఆ సిలిండరు ట్యాపెట్ సందు (వాల్వుకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య ఖాళీ) చూడు, సందు లేకుండా బిగుసుకుపోయి వాల్వు పూర్తిగా మూసుకోకపోయినా ఇలాగే చూపిస్తుంది. సందు సరిగానే ఉంటే హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) ఎత్తాల్సిందే.

ఎత్తేముందు ఇది జాగ్రత్తగా చదువు. క్యామ్ స్ప్రాకెట్ (చైను తిప్పే పళ్లచక్రం) విప్పకముందు టైమింగ్ చైను రెండు పాయల మధ్య గట్టి చెక్క చీలను దించి బిగించాలి. పొడుగాటి చీల, కింద సన్నగా పైన లావుగా, పైకి లాగడానికి తాడు కట్టి. అది లేకుండా స్ప్రాకెట్ తీశావా, చైను వదులై కింద దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ పిస్టన్ బయటికి దూకుతుంది. దాన్ని తిరిగి పెట్టాలంటే ముందు కవరు, దానికోసం ఆయిల్ పాన్, ఇలా సగం ఇంజిన్ విప్పాలి. స్ప్రాకెట్‌కు మూడు రంధ్రాలు ఉంటాయి, చైను సాగినకొద్దీ రంధ్రం మార్చుకోవడానికి. ఇప్పుడు ఏ రంధ్రంలో ఉందో ఫొటో తీసుకో, చైను లింకుకూ స్ప్రాకెట్‌కూ కలిపి పెయింటు చుక్క పెట్టు.

బెజవాడ_పానా రాశారు:

చీల తాడు చివర బానెట్‌కు కట్టెయ్. లోపల పడితే ఇక చేప పట్టడమే.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

హెడ్ దిగింది. నాలుగో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఒక చోట గోరంత మేర కాలి పోయింది. చుట్టూ బూడిదరంగు, ఆ గోరంత చోటు మాత్రం నల్లగా, అంచు కరిగి లోపలికి పోయినట్టు. హెడ్ మీదున్న పోత గుర్తు ఈ88. మెషిన్ షాపుకు ఇచ్చాను, వాల్వులు, గైడ్లు, సీట్లు చూస్తారు. సిలిండర్ల గోడల మీద హోనింగ్ గీతలు ఇంకా కనిపిస్తున్నాయి, కింద భాగం కదిలించను.

తిరిగి బిగించాక ట్యాపెట్లు ఎంత పెట్టాలి?

ఎల్28_రాజు రాశారు:

చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.20 మి.మీ., ఎగ్జాస్ట్ 0.25. వేడి మీద 0.25, 0.30. ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4.

ఈ ఇంజిన్‌లో వాల్వును నొక్కే రాకర్ క్యామ్ మీద రుద్దుకుంటూ పోతుంది, రోలర్ ఉండదు. కాబట్టి జింక్ ఎక్కువున్న ఆయిల్ పోయి. నీ హెడ్‌లో క్యామ్ మీదుగా ఆయిల్ చిమ్మే సన్నటి గొట్టం ఉంటుంది, దాని రంధ్రాలు ఒక్కొక్కటీ తీగతో పొడిచి, కీళ్ల దగ్గర వదులు లేదని చూడు. అది మూసుకుపోతే కొత్త క్యామ్ కూడా మూన్నాళ్ల ముచ్చటే. కొత్త క్యామ్ వేస్తే రాకర్లు పాతవి వాడకు.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

స్టార్ట్ అయింది! మొదట దగ్గి, ఒక నీలి పొగ మేఘం వదిలి, తర్వాత నిలబడింది. కానీ ఐడ్లింగ్‌లో ఊగుతోంది. చాలామంది ఎస్‌యూలు పీకేసి మూడు వెబర్ కార్బొరేటర్లు పెట్టమంటున్నారు.

ఎల్28_రాజు రాశారు:

మూడు వెబర్ల చప్పుడుకు నేనూ మనిషినే. కానీ మామూలు ఎల్24 మీద అవి పెడితే పెట్రోలు తాగడం తప్ప పెద్దగా ఒరిగేదేం లేదు. నీది 72 కాబట్టి అదృష్టం, గుండ్రటి తలల ఎస్‌యూలు. 73లో పొగ నియమాల కోసం పెట్టిన చదును తలలవాటితో జనం ఇప్పటికీ వేగలేకపోతున్నారు.

ఎస్‌యూ సరిచేయడం ఇలా. ఇంజిన్ బాగా వేడెక్కనివ్వు. రెండింటి మిక్స్చర్ నట్టూ పైదాకా బిగించి, రెండున్నర చుట్లు కిందికి దించు. పైనున్న డ్యాంపర్లలో 20 గ్రేడు ఆయిల్ పోయి. రెండింటినీ కలిపే లింకు వదులు చేసి, రబ్బరు గొట్టం ఒక చివర చెవి దగ్గర, ఇంకో చివర కార్బొరేటర్ నోటి దగ్గర పెట్టి విను. హిస్సుమనే చప్పుడు రెండింట్లో ఒకేలా వినబడేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పి, అప్పుడు లింకు బిగించు. పిస్టన్ వేలితో ఎత్తి వదిలితే మెత్తగా దిగి టక్కున ఆగాలి. మధ్యలో పట్టేస్తే లోపల మురికో, సూది వంకరో.

వాణి_వైరింగ్ రాశారు:

ఊగడానికి డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్లు (స్పార్కు కోసం కరెంటు తెంచే కాంటాక్టులు) కూడా కారణం కావచ్చు. ఈ బండికి నేను చేసే మొదటి మార్పు అదే: దీని తర్వాత వచ్చిన 280జెడ్‌ఎక్స్ డిస్ట్రిబ్యూటర్, పక్కన ఈ12-80 ఎలక్ట్రానిక్ మాడ్యూలు. పాయింట్ల గోల పోతుంది, మళ్లీ పాతది పెట్టాలన్నా అడ్డేమీ లేదు. ఒక జాగ్రత్త: 240జెడ్ టాకోమీటరు కాయిల్‌కు వెళ్లే కరెంటు తన గుండా పోతేనే పనిచేస్తుంది. కాయిల్‌కు కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టర్ తీసే హడావుడిలో ఆ దారి తెంచితే ఇంజిన్ తిరుగుతుంది, ముల్లు మాత్రం సున్నా దగ్గరే ఉంటుంది.

రెండోది, అసలు ముఖ్యమైనది హెడ్‌లైట్లు. వాటి కరెంటంతా స్టీరింగ్ దగ్గరి స్విచ్చు, ఫ్యూజ్ పెట్టె గుండానే పోతుంది. యాభై ఏళ్ల కనెక్షన్లు వేడెక్కి ఫ్యూజ్ పెట్టె ప్లాస్టిక్ కరుగుతుంది. మీ ఫ్యూజ్ పెట్టె వెనక్కి తిప్పి ఫొటో పెట్టండి, గోధుమరంగు మచ్చ తప్పక ఉంటుందని నా పందెం. రెండు రిలేలు పెట్టి, లైట్లకు బ్యాటరీ నుంచి నేరుగా ఫ్యూజుతో తీగ లాగితే స్విచ్చు మీద బరువు పోతుంది, వెలుగు కూడా పెరుగుతుంది.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

వాణి గారూ, పందెం మీరే గెలిచారు. మచ్చ కాదు, ఒక ఫ్యూజు క్లిప్పు సగం ప్లాస్టిక్‌లోకి మునిగిపోయి ఉంది. రిలేలు ఆర్డరు పెట్టాను.

బ్రేకులు? పాత టయోటా 4x4 పికప్ క్యాలిపర్లు పెట్టమని ఎక్కడ చూసినా రాస్తున్నారు.

ఎల్28_రాజు రాశారు:

కూర్చుంటాయి, నాలుగు పిస్టన్లు. పెద్ద పిస్టన్లు ఎక్కువ ఆయిల్ తాగుతాయి కాబట్టి పెడల్ కిందికి దిగుతుంది, అందుకే 280జెడ్‌ఎక్స్ 15/16 అంగుళాల మాస్టర్ సిలిండరు కలిపి పెడతారు. కానీ కాఫీకి వెళ్లే వెయ్యి కిలోల కారుకు అవసరమా? ముందు రబ్బరు గొట్టాలన్నీ మార్చు, వెనక డ్రమ్ములు సరిగా పట్టేలా సర్దు, మంచి ప్యాడ్లు వెయ్యి. మామూలు బ్రేకులు కొత్తగా ఉన్నప్పుడు ఎలా పట్టేవో చాలామందికి తెలియనే తెలియదు. పాత షూల దుమ్ము గాలితో ఊదకు, ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. తడిపి తుడువు.

ఎక్సెల్_కుమార్ రాశారు:

అయిదు గేర్ల బాక్సు?

ఎల్28_రాజు రాశారు:

అది మాత్రం నా ఓటు. 280జెడ్‌ఎక్స్ బాక్సు, హైవే మీద ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడున్న 3.36 నిష్పత్తి డిఫరెన్షియల్‌తో అయిదో గేరు మరీ బద్ధకంగా ఉంటుంది, 3.7 గానీ 3.9 గానీ వెతుక్కో.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

నాలుగు గేర్లే ఉంచుతున్నాను అన్నా. ఇందులో వాదన లేదు, లీవర్ పడే తీరు నాకు నచ్చింది.

రోడ్డెక్కింది. ఒక్క సమస్య: లోపల పొగ వాసన. కిటికీ దించితే ఇంకా ఎక్కువ. ఇంటికొచ్చాక చొక్కా కూడా పెట్రోలు బంకులా వాసనేస్తోంది.

ఎల్28_రాజు రాశారు:

ఇది ఈ కారు పుట్టుకతో వచ్చిన జబ్బు. కదులుతున్నప్పుడు వెనక గాలి సుడి తిరిగి పొగను బండి వైపు లాగుతుంది, కిటికీ దించితే లోపలి గాలి బయటికి పోయి ఆ పొగ వెనక సందుల్లోంచి దూరుతుంది. రాత్రి చీకట్లో ఒకరిని డిక్కీలో టార్చితో కూర్చోబెట్టు, బయట నువ్వు చూడు. వెలుగు కనబడిన ప్రతి చోటా పొగ వస్తుంది. డిక్కీ తలుపు రబ్బరు, టెయిల్ లైట్ల వెనక గ్యాస్‌కెట్లు, తీగలు దూరే గ్రోమెట్లు, ట్యాంకు గాలి గొట్టాలు. పెట్రోలు వాసన విడిగా తెలుస్తుంటే ఆ గొట్టాలే ముందు మార్చు, అది వాసన సంగతి కాదు, నిప్పు సంగతి.

బెజవాడ_పానా రాశారు:

సైలెన్సరు చివర గొట్టం ఎక్కడ ఆగిందో చూశావా? ఫొటోలో బంపర్ లోపలే ఆగినట్టుంది.

ఫ్రీమాంట్_జెడ్ రాశారు:

టార్చి పరీక్షలో ఎడమ టెయిల్ లైటు చుట్టూ నెలవంకలా వెలుగు కనబడింది. రెండు గ్యాస్‌కెట్లూ, డిక్కీ రబ్బరూ, ట్యాంకు గొట్టాలూ మార్చాను. సగం తగ్గింది. బాబాయ్ చెప్పాక చూస్తే నిజంగానే గొట్టం బంపర్ దాటలేదు, ముందటి ఓనరు పొట్టిది వేయించాడు. బంపర్ దాటి కిందికి వంగేలా ముక్క అతికించాను. నిన్న రెండు కిటికీలూ దించి హైవే మీద తిప్పాను, వాసన లేదు.

ఇప్పుడు స్పీడోమీటరు కేబులు కీచుమంటోంది, ముల్లు 40కీ 60కీ మధ్య ఊగుతోంది. ఏం చేయాలి?

బెజవాడ_పానా రాశారు:

లోపలి తీగ బయటికి లాగి, కిరోసిన్‌తో కడిగి, గ్రాఫైట్ గ్రీజు పల్చగా పూసి తిరిగి తోయ్. మీటరు వైపు చివర మాత్రం గ్రీజు లేకుండా వదిలెయ్, లేకపోతే మీటరులోకి పాకుతుంది.

మోడరేటర్ రాశారు:

థ్రెడ్ టైటిల్‌లో స్పీడోమీటరు లేదు. ఈసారికి వదిలేస్తున్నాను.